మంటను హెచ్చించి తగ్గించే గ్యాస్ ఫర్నేస్: భాగాల పరీక్ష

అమెరికా, కెనడాలలోని చలి ప్రాంతాలలో ఇళ్లను వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్‌లలో మాడ్యులేటింగ్ రకం, అంటే అవసరాన్ని బట్టి మంటను కొద్దికొద్దిగా మార్చుకునే రకం, అనేక నమూనాలలో సుమారు 40 నుండి 100 శాతం సామర్థ్యం మధ్య పనిచేస్తుంది. మంటతో పాటు గాలి కూడా తగిన పాళ్లలో మారవలసి ఉన్నందున, దీనిని కనిష్ఠ, గరిష్ఠ స్థాయిలు రెండింటిలోనూ పరీక్షించాలి.

మెకానిక్ ముందుగా కరెంటును, గ్యాస్‌ను ఆపి, మంట ఉనికిని పసిగట్టే ఫ్లేమ్ సెన్సర్ అనే సన్నని లోహపు కడ్డీని బయటకు తీసి, మెత్తని స్టీల్ ఊల్‌తో శుభ్రపరుస్తాడు. మంట గుండా ప్రవహించే కరెంటు మైక్రోఆంపియర్లలో, అంటే ఆంపియర్‌లో పదిలక్షల వంతులలో మాత్రమే ఉంటుంది కనుక, కడ్డీపై పలుచని పొర పేరుకున్నా అది అడ్డుపడి, కంట్రోల్ బోర్డు మంట లేదని భావించి గ్యాస్‌ను మూసివేస్తుంది.

పిమ్మట కరెంటును, గ్యాస్‌ను తిరిగి ఇచ్చి, ఫర్నేస్ నడుస్తుండగా గ్యాస్ వాల్వ్ నుండి బర్నర్లకు వెళ్లే పీడనాన్ని మానోమీటరుతో కొలిచి, తయారీదారు ఇచ్చిన పట్టికతో సరిచూస్తారు. సహజవాయువు విషయంలో గరిష్ఠ మంట వద్ద ఇది సాధారణంగా 3.5 అంగుళాల నీటి స్తంభానికి సమానంగా ఉంటుంది.

పొగను వెలుపలికి లాగే ఫ్యాన్ సరిగా తిరగనిదే మంట వెలగనివ్వని ప్రెషర్ స్విచ్ మొరాయించినప్పుడు, వైరు కలిపి దానిని దాటవేసి ఫర్నేస్‌ను నడపడం ప్రమాదకరం. పలుమార్లు దోషం స్విచ్‌లో కాక, నీరు నిలిచిన రబ్బరు గొట్టంలోనో, మూసుకుపోయిన పొగగొట్టంలోనో ఉంటుంది. చివరగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కొలుస్తారు. ఇవన్నీ శిక్షణ పొందినవారు చేయవలసిన పనులు కాగా, వేళకు ఫిల్టర్ మార్చడం, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం అమర్చుకోవడం గృహస్థుల బాధ్యత.