మంచినీరు, ఉప్పునీరు: రెండు జీవలోకాలు
(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)

 

కామాటిపురా నిలిచిన నేల ఒకప్పుడు ఆరిన నేల కాదు. బొంబాయి ఏడు దీవులుగా ఉన్న కాలంలో మహాలక్ష్మికి, వర్లీకి నడుమనున్న గండి గుండా పోటు వేళ సముద్రం చొచ్చుకొని వచ్చి ఈ పల్లపు భూములను ముంచెత్తేది. గవర్నరు విలియం హార్న్‌బీ కాలంలో ఆరంభమై 1784 ప్రాంతంలో పూర్తయిన కట్ట ఆ గండిని మూసివేసింది. తరువాత మెరకచేసిన ఈ నేలపై, నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుండి కట్టడపు పనులకై వలసవచ్చిన కామాటీలు స్థిరపడ్డారు. వారి పేరే వాడకు పేరయింది. చెరువు నీటితో పెరిగిన జనం సముద్రం విడిచిన నేలపై కాపురముండవలసి వచ్చింది. కనుక మంచినీటి ఆవరణ వ్యవస్థకు, సముద్ర ఆవరణ వ్యవస్థకు గల భేదాలను ఈ వాడ పిల్లలు తెలుసుకోవడం ఎంతైనా సముచితం.

నీరు, వెలుతురు, లవణాలు, ప్రాణవాయువు అనే నిర్జీవ అంశాలు, వాటిపై ఆధారపడిన జీవరాశి కలిసి ఒక ఆవరణ వ్యవస్థ ఏర్పడుతుంది. రెండు వ్యవస్థలకూ ప్రధాన భేదం లవణీయత. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మంచినీటిలో సాధారణంగా అర గ్రాము కూడా ఉండవు. నదులు యుగయుగాలుగా రాళ్ళలోని లవణాలను కరిగించి కడలికి చేరుస్తున్నాయి. నీరు ఆవిరై మేఘమవుతుంది, లవణం అక్కడే నిలుస్తుంది.

ఈ భేదం చేప శరీరధర్మాన్నే మార్చివేస్తుంది. చెరువు చేప దేహంలో లవణాలు బయటి నీటికన్న ఎక్కువ. అందుచేత ద్రవాభిసరణం వల్ల నీరు నిరంతరం దాని దేహంలోకి చేరుతుంది. అది నీరు దాదాపు త్రాగదు, పలుచని మూత్రాన్ని విస్తారంగా విసర్జిస్తుంది, లవణాలను మొప్పలతో గ్రహిస్తుంది. సముద్రపు చేపకు దేహంలోని నీరే బయటికి పోతుంది. అది ఉప్పునీటిని త్రాగి, అధిక లవణాన్ని మొప్పల గుండా వెలువరిస్తుంది. కొర్రమట్టను కడలిలో విడిచినా, బొంబిల్‌ను చెరువులో విడిచినా బ్రతకకపోవడానికి కారణమిదే. రెండు నీళ్ళలోనూ మనగల చేపలు కొన్నే. కడలిలో ఇలస అనిపించుకొని, వర్షాకాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురెక్కి పులస అయ్యే చేప వాటిలో ఒకటి.

చెరువులో ఒడ్డున తుంగ, తామర వంటి వేరూనిన మొక్కలు, నడుమ వెలుతురు సోకినంతవరకు వృక్ష ప్లవకాలు ఆహారాన్ని తయారుచేస్తాయి. సముద్రంలో తీరం దాటిన పిమ్మట ఆ భారమంతా వృక్ష ప్లవకాలదే. నిర్మలమైన కడలిలోనూ సుమారు 200 మీటర్ల దిగువన కిరణజన్య సంయోగక్రియకు చాలినంత వెలుతురు ఉండదు. ఆ చీకటిలోని జీవులు ఎక్కువగా పైనుండి రాలిపడే ఆహారంతోనే బ్రతుకుతాయి. చెరువు ఎండలకు ఎండిపోవచ్చు. సముద్రం ఎండదు గాని, ఆటుపోట్లతో తీరజీవులను దినదినమూ పరీక్షిస్తుంది.

ఈ రెండు లోకాలు కలిసే చోటు నదీముఖం. విహార్, పవాయి చెరువుల పొంగునీటితో బయలుదేరిన మిఠీ నది సుమారు 18 కిలోమీటర్లు ప్రవహించి మాహిం క్రీకులో కలుస్తుంది. అక్కడి నీటి లవణీయత వానాకాలంలో తగ్గి, వేసవిలో పెరుగుతుంది. ఆ మార్పును సహించగల మడచెట్లు బురదలో నుండి శ్వాసవేర్లను పైకి చాచి గాలి పీల్చుకుంటాయి, కొన్ని ఆకుల గుండా ఉప్పును విసర్జిస్తాయి. వాటి వేళ్ళ నడుమ రొయ్య పిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి.

ఈ వ్యవస్థకు కలుగుతున్న హాని నగరానికే హాని. మురుగునీటితో చేరే పోషకాల వల్ల శైవలాలు, గుర్రపుడెక్క విపరీతంగా పెరిగి, చచ్చి కుళ్ళినప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. చేపలు ఊపిరాడక చనిపోతాయి. 1890 దశకం ఆరంభంలో త్రాగునీటికై కట్టిన పవాయి చెరువు నీరు నేడు త్రాగుటకు పనికిరాదు. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు, ఆక్రమణలతో, చెత్తతో ఇరుకైన మిఠీకి దారి చాలలేదు. అదే సమయంలో సముద్రం పోటుమీద ఉండెను. ఆ వరద అనేకుల ప్రాణాలను బలిగొన్నది. కామాటిపురా వంటి పల్లపు వాడలలోనూ, జడివాన, పోటు ఒకేసారి వచ్చినప్పుడు వాననీరు కడలికి పోలేక వీధులలో నిలుస్తుంది. కట్ట గండిని మూసినదే కాని, నేలను ఎత్తైన కొండగా మార్చలేదు.

చాళ్ళ కుళాయిలలోకి వచ్చే మంచినీరు అధికభాగం భాత్సా, వైతరణ, తాన్సా జలాశయాల నుండి, సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి వస్తున్నది. వాడిన పిమ్మట అది మురుగై కడలికే చేరుతుంది. కనుక కాలువలో పారవేసిన ప్లాస్టిక్ సంచి ఒక్క వీధి సమస్య కాదు.

విద్యార్థులారా! పంచాంగంలో అమావాస్య, పౌర్ణమి చూచి, ఆ దినాలలో పోటు ఎంత ఎత్తుకు వచ్చునో నమోదు చేయండి. వానరోజున మీ వీధిలో నీరు ఎంతసేపు నిలిచినదో పక్కనే వ్రాయండి. ఒక్క వానాకాలపు లెక్కలు చాలు, ఈ వాడకు, సముద్రానికి గల సంబంధం మీ పుస్తకంలోనే స్పష్టమవుతుంది. కాలువను శుభ్రంగా ఉంచమని పెద్దలను అడిగే అధికారం ఆ లెక్కలే మీకు ఇస్తాయి.