ఓడిపోవడానికి సిద్ధపడిన వాదన



వికారాబాద్‌లో సభ జరిగితే అధ్యక్షుడు అనంతగిరి గాలినీ మూసీ పుట్టుకనూ పొగిడి కూర్చోవడం ఆనవాయితీ. తాండూరు వాళ్లు నొచ్చుకోకుండా వాళ్ల కందిపప్పుకు 2022లో వచ్చిన భౌగోళిక గుర్తింపునూ ఒక మాట అనుకుంటే సరిపోతుంది. ఆ పని అయిపోయిందనుకోండి. ఈ సదస్సుకు వచ్చిన పత్రాల సంగ్రహాలు చదివి వచ్చాను. నా మాటలన్నీ వాటి చుట్టూనే.

సినిమా, టీవీ, పత్రిక, ఫోను, ఏ విభాగం చూసినా ఒక వాక్యం మళ్లీ మళ్లీ ఎదురైంది: తెలుగు సినిమా తెలంగాణ యాసను రౌడీలకూ జోకర్లకూ మాత్రమే ఇచ్చింది. ఆ వాక్యంతో నాకు పేచీ లేదు. అది పత్రం మొదట్లో ఎట్లా ఉందో చివర్లోనూ అట్లాగే ఉండటంతోనే పేచీ. మధ్యలో పది పేజీలు నడిచినా దానికి చెమట పట్టలేదు. మన అనుభవం మనకు నిజమే. అయితే అనుభవం ఫిర్యాదుకు చాలుతుందేమో గాని పరిశోధనకు చాలదు. ఏ ఆధారం దొరికితే నా మాట వెనక్కి తీసుకుంటాను అన్న ప్రశ్నకు జవాబు లేని పత్రాన్ని నేను పరిశోధన అనను.

సినిమా గురించిన మాటకు ఇంత కట్టుదిట్టం ఎందుకని కొందరు అడగొచ్చు. మన సినిమా చరిత్ర పుట్టినరోజు కథే వినండి. తెలుగులో తొలి పూర్తి టాకీ హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు చెప్పుకున్నాం, వ్యాసాల్లో రాసుకున్నాం, ఏటా ఆ రోజున వేడుకలూ చేసుకున్నాం. ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకోవడమే తప్ప ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందని వెనక్కి వెళ్లి చూసినవాళ్లు తక్కువ. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆ పని చేశారు. సెన్సారు వివరాలు తీశారు, ఆనాటి పత్రికలు తిరగేశారు. సినిమాకు సెన్సారు అనుమతి వచ్చిందే 1932 జనవరి 22న. బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది ఫిబ్రవరి 6న. అనుమతికి నాలుగు నెలల ముందే సినిమా ఆడిందని ఇన్నేళ్లూ నమ్మామన్నమాట! తేదీ ఒక్కటి జరిగేసరికి వరుసే మారింది. తమిళ, తెలుగు మాటలూ పాటలూ కలిసిన ‘కాళిదాస్’ 1931 అక్టోబర్ 31న వచ్చింది. ఇన్నాళ్లూ ‘ప్రహ్లాద’ వెనక నిలబెట్టిన ఆ సినిమా ముందుకు వచ్చి నిలబడింది. ఇందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. ఒక ప్రకటన, ఒక ధ్రువపత్రం, వాటిని వెతికే ఓపిక ఉన్నాయి. మన పత్రాల్లో సిద్ధాంతకర్తల పేర్లకు కొదవలేదు గాని పాత పేపరు వాసన మాత్రం రావడం లేదు.

రెండో ఉదాహరణ మన ఇంటిదే. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని ఒకరు రాస్తే సురవరం ప్రతాపరెడ్డి ఏం చేశారో ఇక్కడ అందరికీ తెలుసు. 1934లో వచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులున్నారు. ఈ అంకెను సభల్లో చప్పట్ల కోసం వాడతాం. నన్ను ఆకట్టుకునేది దాని వెనకున్న పని. 1926 నుంచి నడుస్తున్న గోలకొండ పత్రిక ఆయన చేతిలో ఉంది. ఘాటుగా ఒక సంపాదకీయం రాసి ఊరుకుంటే ఎవరూ కాదనేవారు కాదు. ఆయన దానికి బదులు కవుల పేర్లు, ఊళ్లు, రచనలు కూడగట్టి అచ్చేశారు. కవులు లేరన్నవాడి మీద కోప్పడితే వాదన రేపటికీ మిగిలేది. ఉన్నారని చూపేసరికి అక్కడితో ముగిసింది.

ఆ తర్వాత 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఇవాళ్టి మన అంశానికి ఇంకా దగ్గరిది. రాజుల శాసనాలతో తృప్తిపడకుండా ప్రబంధాల్లో, కథాకావ్యాల్లో జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ తిట్లు తిట్టుకున్నారు అని ఏరి పెట్టుకున్నారాయన. మన విశ్వవిద్యాలయాల్లో పాపులర్ కల్చర్ అనే కోర్సు పేరు పుట్టక ముందే ఆ పని ఇక్కడ జరిగింది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది ఆ పుస్తకానికే.

ఇప్పుడు యాస గురించిన మన వాక్యాన్ని ఆ గీటురాయి మీద పెడదాం. దానికి బలమైన సాక్ష్యం ఉంది. 1985 నాటి ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు వేసిన మంత్రి పాత్ర తెలంగాణ మాటతోనే జనానికి గుర్తుండిపోయింది. ఆ దారిలో చాలా పాత్రలు వచ్చాయి. అయితే ఎదురు సాక్ష్యం కూడా ఉంది, మన పత్రాలు దాన్ని పిలవనేలేదు. ‘ప్రతిఘటన’ కన్నా ముందే 1979 నాటి ‘మా భూమి’ ఉంది. 1997లో ‘ఒసేయ్ రాములమ్మ’ ఉంది. అందులో ఆ మాట మాట్లాడింది కథానాయికే, అది పెద్ద వ్యాపార చిత్రం కూడా. వీటిని మినహాయింపులని ఒక ముక్కలో తోసేయకూడదు. ఎందుకు సాధ్యమయ్యాయో చెప్పాలి. పోరాట కథ అయితే యాసకు గౌరవం దొరికింది, ప్రేమ కథ అయితే దొరకలేదు అని నాకు తోస్తుంది. అంటే తుపాకి పట్టుకున్నప్పుడు మన మాట చెల్లింది, ప్రేమలేఖ పట్టుకున్నప్పుడు చెల్లలేదు. ఇది నా ఊహ మాత్రమే. 1985 నుంచి 2015 దాకా ఏటికి పది సినిమాల చొప్పున తీసుకుని పాత్రలు, వాటి మాట, కథలో వాటి గతి పట్టిక కట్టి దీన్ని తప్పని చూపండి. సంతోషిస్తాను.

ఎవరు పలికారన్నది ఇంకో చిక్కు. కోట కృష్ణా జిల్లా కంకిపాడు వారు. ఇంటిపేరులా తెలంగాణను మోసిన నటి శకుంతలది మరాఠీ ఇల్లు, ఆమె తొలి సినిమా ‘మా భూమి’. ఆ సినిమా దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, దాని మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. 2017లో ‘ఫిదా’తో బాన్సువాడ పిల్ల మాటను ఇంటింటికీ చేర్చిన సాయిపల్లవి నీలగిరి కొండల అమ్మాయి, డబ్బింగూ తానే చెప్పుకుంది. మావాళ్లు, వాళ్లవాళ్లు అని రెండు గంపల్లో సర్దితే ఈ చరిత్ర అందులో ఇమడదు.

ఇక మార్పు ఎప్పుడొచ్చిందన్న సంగతి. రాష్ట్రం వచ్చింది కాబట్టి తెర మారిందని పత్రాలన్నీ తేల్చేశాయి. తేదీలు ఆ మాటను అంత సులువుగా ఒప్పుకోవు. వీ6 చానల్ మొదలైంది 2012లో. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి యూట్యూబ్‌లో ‘మై విలేజ్ షో’ మొదలైందీ ఆ ఏడే. రెండూ 2014 జూన్ 2 కన్నా ముందువి. ‘ఫిదా’ 2017, ‘బలగం’ 2023. ఉద్యమం గాలి వీటన్నిటికీ తగిలింది, కాదనను. కాని ముందు కదిలింది తక్కువ పెట్టుబడి ఉన్న మాధ్యమం. టీవీలో ఒక అరగంట, ఫోన్‌లో పది నిమిషాలు నష్టపోయినా ఎవరూ ఇల్లు అమ్ముకోరు. అక్కడ నవ్వి, మెచ్చి, అలవాటుపడ్డ ప్రేక్షకుణ్ని చూశాకే కోట్లు పెట్టేవాడికి ధైర్యం వచ్చింది. వికారాబాద్ నుంచి హైదరాబాద్ పోయే తోవలోని చేవెళ్ల మండలం, పామెన ఊరి నుంచి టీవీకి వెళ్లిన బిత్తిరి సత్తి వేషంతో మనల్ని మనం కించపరచుకున్నామని బాధపడ్డ పెద్దలు నాకు తెలుసు. ఆ బాధకూ చోటివ్వాలి. యాసను మళ్లీ జోకరు నోట్లోనే పెట్టారని వాళ్ల వాదన. ఆ జోకరు ఎవరిని చూసి నవ్వాడు, ఎవరు అతన్ని చూసి నవ్వారు అన్నది కార్యక్రమాలు ఒక్కొక్కటే చూసి తేల్చవలసిన విషయం.

నాకు అసలు ఇష్టమైన ప్రశ్న తాండూరుది. తెరకెక్కిన తెలంగాణ యాస ఎవరి యాస? కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్ బస్తీ మాటలు కలిపిన మిశ్రమం మన చెవులకు అలవాటైంది. తాండూరు బజారులో ఒకే బేరం తెలుగులో మొదలై ఉర్దూలో సాగి కన్నడలో తెగుతుంది. నాపరాళ్ల గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో మాట ఇంకో రకం. ఆ మాట తెర మీద ఎక్కడైనా విన్నారా? 1956 నవంబర్ 1 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లావి. పునర్విభజనలో తాండూరును హైదరాబాద్ జిల్లాకు, కొడంగల్‌ను మహబూబ్‌నగర్‌కు కలిపారు. 1978లో తాండూరు రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లింది. 2016 అక్టోబర్ 11 నుంచి రెండూ వికారాబాద్ జిల్లాలో ఉన్నాయి. కాగితం మీద ఇన్నిసార్లు చిరునామా మారినా సినిమా వ్యాపారం మాత్రం పాత పటమే పట్టుకుంది. హిందీ సినిమా పంపిణీలో నైజాం సర్క్యూట్ అంటే తెలంగాణతో పాటు బీదర్, గుల్బర్గా, రాయచూర్, మరాఠ్వాడా కూడా. నిజాం రాజ్యం 1948లో పోయింది, హైదరాబాద్ రాష్ట్రం 1956లో ముక్కలైంది, పంపిణీదారుడి పద్దులో అది ఇంకా బతికే ఉంది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడికి పడ్డ రైలుమార్గం తాండూరు మీదుగానే పోతుంది కదా. రీలు పెట్టెలు ఏ దిక్కు బండిలో దిగేవి? ఏ వారం ఏ భాష బొమ్మ ఆడేది? పాత ప్రొజెక్టర్ ఆపరేటర్లు, గేట్ కీపర్లు, గోడల మీద వాల్‌పోస్టర్ అంటించినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లను అడగకుండా తాండూరు ప్రేక్షకుడి గురించి సిద్ధాంతం రాయడం అన్యాయం.

మాట సేకరించే పద్ధతికి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ సంపుటం ఉంది. ఊరూరా తిరిగి వృత్తివాళ్ల నోటి మాట రాసుకొచ్చారు. బండల పనివాళ్ల మాట మీద అలాంటి పని ఈ జిల్లా కళాశాలలు చేపట్టొచ్చు. సినిమా రచయిత అడిగినప్పుడు ఇవ్వడానికి మన దగ్గర సరుకు ఉండాలి గదా.

పత్రికల గురించి రెండు ముక్కలు. 1974లో విశాఖలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. రాబిన్ జెఫ్రీ భారతీయ పత్రికల మీద రాసిన పుస్తకంలో ఈ మలుపు గురించి వివరంగా ఉంది. మన ఊరి పేరు అచ్చులో చూసి పొంగిపోయాం, నిజమే. అదే సమయంలో తాండూరు వార్త జిల్లా దాటడం తగ్గిందా అన్న అనుమానం నాది. ఏదైనా ఒక నెల పత్రికలు ముందేసుకుని గని ప్రమాదాల వార్తలు ఏ పేజీలో పడ్డాయో చూడండి.

అంకెలు చూసి మోసపోకండి. వ్యూస్ వేరు, ప్రేక్షకులు వేరు. ‘బలగం’ను పల్లెల్లో తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారు, ఏడ్చారు, విడిపోయిన అన్నదమ్ముల మాట తీశారు. ఆ జనం ఏ థియేటర్ వసూళ్ల లెక్కలోనూ లేరు. ఆ సినిమా ప్రభావం గురించి రాస్తూ వసూళ్లు ఒక్కటే పట్టికలో పెట్టిన పత్రం ఒకటి మధ్యాహ్నం సభలో ఉంది. రచయిత ఇక్కడే ఉన్నారు, నా మాటలు వారికి చేరాయనే అనుకుంటున్నాను.

ఒక నియమం పెడుతున్నాను, నిర్వాహకులు మన్నించాలి. పత్రం చదివినవారిని సభ మొదట అడగవలసిన ప్రశ్న, మీ వాదనకు ఎదురొచ్చిన ఆధారం ఏమిటని. ఏమీ ఎదురు రాలేదంటే ఇంకోసారి వెతికి సాయంత్రం చెప్పమందాం. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, చర్చకు పది. మొదటి పత్రం తాండూరు గోడరాతల మీద. దయచేసి ముందుకు రండి.