కంటికి కనిపించని రేణువుల నడక
(రోగుల బంధువుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



2021లో బ్లాక్ ఫంగస్ ప్రబలినప్పుడు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం ఎన్నో కుటుంబాలు ఊరూరా తిరిగాయి. ఆ రోగుల్లో షుగరు ఉన్నవారే ఎక్కువ. "షుగరు మనిషికి గ్లూకోజ్ సీసాలో కలిపి ఎక్కిస్తారేమిటి?" అని బంధువులు కంగారుపడడం సహజం. దీనికి జవాబు ఆ మందు రేణువుల్లోనే ఉంది.

ఈ మందు సన్నని కొవ్వు గుళికల్లో ఇమిడి ఉంటుంది. ఒక్కో గుళిక వంద నానోమీటర్ల కన్నా చిన్నది, అంటే తల వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. మరి ఇంత చిన్నవాటిని ఎలా చూస్తారు?

చీకటి గదిలో పెంకుల సందులోంచి ఎండ పడితే దుమ్ము మిలమిలలాడుతుంది కదా! మనకు కనిపించేది రేణువు ఆకారం కాదు, దాని మీద పడి చెదిరిన వెలుగు. ఈ సూత్రంతోనే సీడెన్‌టాఫ్, జిగ్మొండీ అనే శాస్త్రవేత్తలు జర్మనీలో అల్ట్రామైక్రోస్కోపును తయారుచేసి 1903లో ప్రకటించారు. జిగ్మొండీకి 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

నేటి పరికరాల్లో ద్రవంలోకి లేజర్ కాంతిని పంపి, మైక్రోస్కోపుకు కెమెరా అమర్చుతారు. రేణువులు మెరిసే చుక్కల్లా కనబడతాయి. రంగు కలపనక్కరలేదు. రంగు అద్దితే రేణువు తీరు మారవచ్చు, పైగా ఆ రంగు కాంతికి వెలిసిపోతుంది.

ఆ చుక్కలు ఒకచోట నిలవవు. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తాకుతుంటే అటూ ఇటూ కదులుతుంటాయి. ఈ కదలికను 1827లో రాబర్ట్ బ్రౌన్ గమనించగా, 1905లో ఐన్‌స్టీన్ దాని లెక్క చెప్పారు. చిన్న రేణువు చురుగ్గా, పెద్దది నెమ్మదిగా కదులుతుంది. అందుకే ఒక్కో చుక్క నడకను కొలిస్తే దాని పరిమాణం తెలుస్తుంది. గుళికలు ఒకదానికొకటి అంటుకుని ముద్దకడితే నడక మందగిస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సెలైన్‌లోని ఉప్పు తగిలితే ఈ మందు, పాలు విరిగినట్లు, విరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే డెక్స్‌ట్రోజ్‌లో కలుపుతారు. షుగరును డాక్టరు గారు కనిపెట్టుకునే ఉంటారు. సీసా మార్చమని పట్టుబట్టకండి. ఈ మందును ఫ్రీజరులో పెట్టి గడ్డకట్టించకండి. సందేహం వస్తే సిస్టర్ గారిని అడగండి, అడగడం తప్పు కాదు.

సెలవు.