కోనసీమలో పాడి: లెక్క ఎక్కడ తప్పుతున్నది?

గౌతమికి, వసిష్ఠకు నడుమనున్న కోనసీమను గూర్చి మాట్లాడేవారందరు కొబ్బరితోటతో ఆరంభిస్తారు. మేము గడ్డివామితో ఆరంభిస్తాము. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియై కాలువనీరు పారినది మొదలు, ఈ సీమలో వరి, పాడి ఒకదానికొకటి తోడుగా నడిచినవి. చేను మనిషికి గింజను, పశువుకు గడ్డిని ఇచ్చేది. పశువు చేనుకు ఎరువు ఇచ్చేది. రొక్కం పెట్టి కొనవలసినది స్వల్పం కనుక ఇంటి పాడికి లెక్క వ్రాయవలసిన అవసరం చాలమందికి కలుగలేదు.

ఇప్పుడు ఆ అవసరం కలిగినది. వరిచేలు కొన్ని రొయ్యల చెరువులు, చేపల చెరువులు అయినవి. కోతయంత్రం దిగిన చేలో గడ్డి నలిగి చెదరిపోయి, వామికి రావలసినంత రాదు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాదని సార్వా సేద్యం మాని పంటవిరామం ప్రకటించినప్పుడు అందరు ధాన్యాన్ని గూర్చియే మాట్లాడుకొన్నారు. వరి లేనిచోట గడ్డి కూడ లేదన్న సంగతి, గేదెలకు మేతవేసే ఇల్లాండ్రకు ముందుగా తెలిసి ఉంటుంది.

గేదెను బేరం పెట్టగానే అమ్మేవాడు పూటకు ఎన్ని లీటర్లో చెబుతాడు. కొనేవాడు అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: ఈతకు ఈతకు నడుమ ఎన్ని నెలలు? ఒక గేదె ఈతకు 1,800 లీటర్లు ఇచ్చి 13 నెలలకు మరల ఈనుతున్నదనుకొందాము. పక్క పాకలోని గేదె 2,000 లీటర్లు ఇస్తుంది, కాని 18 నెలలకుగాని ఈనదు. ఊరంతా రెండవదానినే మెచ్చుకొంటుంది. లెక్క వేసి చూడండి: మొదటిది నెలకు 138 లీటర్లు ఇచ్చినట్లు, రెండవది 111 లీటర్లు ఇచ్చినట్లు తేలుతుంది. వట్టిపోయిన గేదె పాలు ఇవ్వదుగాని మేత మానదు కదా!

గేదె చూలు సుమారు 310 దినములు. ఈనిన మూడు నెలలలో మరల చూడి కట్టితేనే 13 నెలల లెక్క నిలుస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. గేదె ఎద ఆవు ఎదవలె బాహాటం కాదు. వేసవిలో మరింత గుప్తం. పశువైద్యులు దీనిని మూగ ఎద అంటారు. రాత్రివేళనో తెల్లవారుజాముననో పొడసూపి పోతుంది. ఒకసారి తప్పిపోతే మూడు వారాలు ఆగవలసినదే. కనుక మకాంలో పశువులను కట్టివేసి ఇంటికి వచ్చి పడుకొనేవారు, వేకువనే పాలు పితికేవేళ తీగలు వేసినదా, పాలు చేపడం తగ్గినదా అని పరికించాలి. చెరువులో మునక, పాకపై తాటాకు, మధ్యాహ్నపు నీడ: ఇవి సౌఖ్యాలు కావు, చూడి నిలువడానికి సాధనాలు.

ఉన్న గడ్డినే బలపరచుకొనే మార్గం ఒకటి ఉన్నది. నూరు కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై, అరవై లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండ మూడు వారాలు కప్పి ఉంచాలి. పెట్టేముందు కొంతసేపు ఆరబెట్టాలి. ఆరునెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీరు పశువు నోటికి తగిలితే ప్రాణాపాయం.

ఇక అమ్మకం. వాడుక ఇండ్లకు కొలిచి పోసిన రోజులలో చిక్కదనం కంటితో చూచేవారు. సేకరణ కేంద్రంలో వెన్న శాతాన్నిబట్టి, వెన్నగాక మిగిలిన ఘనపదార్థాన్నిబట్టి ధర. పొదుగులో మొదట వచ్చే పాలు పలుచన, చివర వచ్చేవి చిక్కన. చివరి ధారలను దూడకు వదలివేసి కేంద్రానికి పోతే వెన్నశాతం పడిపోవడంలో వింత లేదు. దూడకు ముందుగా కుడిపి, పొదుగు పూర్తిగా పిండుకోవాలి. నమూనా తీసేముందు పాలు బాగా కలిపినారా లేదా చూడడం మీ హక్కు, మొగమాటపడవద్దు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పూతరేకుకు ప్రాణం నెయ్యి. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యిపై జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినది. దీనితో పాలు మాని నెయ్యి అమ్ముదామా అనే ఆలోచన సహజం. ఏడు శాతం వెన్న ఉన్న పాలు సుమారు 15 లీటర్లు తోడుపెట్టి, చిలికి, కాచితే ఒక కిలో నెయ్యి దిగుతుంది. కేంద్రంలో లీటరుకు 50 రూపాయలు వస్తున్నవనుకొంటే ఆ కిలోలో 750 రూపాయల పాలున్నవి. కాచిన ఖర్చు, ఇల్లాలి శ్రమ వేరు. ఆ శ్రమకు కూలి కట్టని లెక్కను మేము లెక్కగా ఒప్పుకొనము. మజ్జిగకు కూడ గిరాకీ ఉన్న అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి ఊళ్ల దాపున ఉన్నవారికి ఇది కలిసివస్తుంది. మజ్జిగను కుడితిలో పోసుకొనే దూరపు లంకలవారు పాలుగా అమ్ముకొనడమే మేలు.