అంగడి ఎక్కడ పెట్టాలి?



గిడ్డంగి ఎక్కడ కట్టాలి, దుకాణం ఎక్కడ తెరవాలి అని లెక్కలు కట్టడమే నా ఉద్యోగం. కానీ మొదటి పాఠం మన బడి గేటు ముందరే నేర్చుకున్నాను.

మా నాయన అక్కడ బొరుగుల అంగడి పెట్టాడు. ఏడాదికి ఇంకొకాయన ఆ పక్కనే పెట్టాడు. నాయన అలిగి ఊరి చివరికి మారాడు. అక్కడ పోటీ లేదు, బేరమూ లేదు. ఆరు నెలల్లో మూసేశాడు. ఆ ఏడు నా ఫీజుకు అమ్మ కమ్మలు కుదువకు పోయాయి.

1929లో హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త రాసిన వ్యాసం సారం ఇదే. ఒకే వీధిలో ఒకే సరుకు, ఒకే ధరకు అమ్మే ఇద్దరు చివరికి నడిమధ్యన పక్కపక్కనే చేరతారు. ఎవరు దూరం జరిగినా అవతలివాడికే బేరం పెరుగుతుంది. చెరో పాతిక వంతు దగ్గర నిలబడితే జనానికి నడక తగ్గేది, కానీ అంగడివాళ్లు నిలబడరు. మూడోవాడు వస్తే ఇక ఎవరికీ కుదురుండదు.

2017లో కియా సంస్థ అప్పటి మన జిల్లాలోని పెనుకొండ దగ్గర స్థలం ఎంచుకుంటే, కరువు సీమలో కార్లేమిటని నవ్వినవాళ్లున్నారు. బెంగళూరు దగ్గర, జాతీయ రహదారి పక్కనే, రైలు ఉంది. నీళ్ల సంగతి వేరు. మా లెక్కలో నీళ్లు ఖర్చు కాదు, షరతు. ఖర్చయితే ఇంకోచోట మిగిలినదాంతో పూడ్చుకోవచ్చు. షరతు తీరకుంటే ఆ స్థలాన్నే కొట్టేస్తాం. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు గొల్లపల్లి జలాశయానికి చేరబట్టి ఆ షరతు తీరింది. 2019లో కార్లు బయటికొచ్చాయి.

హోటెలింగ్ లెక్క ఒకసారి నాయనకు చెప్పాను. "తెలుసులేరా. పొద్దస్తమానం ఆయప్ప మొగం చూడల్ల కదా, దానికే పోయినా" అన్నాడు.