పాత కారు ఇంజనులో ఒక చప్పుడు
(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన సంఘమువారి పాత అంబాసడరు కారును మీరందరును ఎరుగుదురు. చిత్తూరునుండి తెలుగు పుస్తకములు తెచ్చుటకును, పరీక్షల దినములలో దూరపు పిల్లలను చేర్చుటకును మనకున్న వాహన మదొక్కటియే. గత వేసవిలో దాని ఇంజనునుండి ఒక వింత చప్పుడు బయలుదేరినది. అది ఎక్కడిదో కనుగొన్న విధమును నేడు మీకు విన్నవింపదలచితిమి.

మొదట చూపిన షెడ్డువారు కొంతసేపు విని, కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగినదనియు, ఇంజను దింపి పూర్తిగా విప్పవలెననియు చెప్పిరి. అందుకగు వ్యయము మన గ్రంథాలయమునకు ఒక యేడు కేటాయించు సొమ్మును మించినది. వారి మాట నిజమైనచో కారును ఒక్క మైలైనను నడుపరాదు; రాడ్డు విరిగి ఇంజను గోడనే చీల్చుకొని రాగలదు. నిజము కానిచో పిల్లల పుస్తకముల సొమ్ము వృథాగా పోవును. కావున ఏదియో ఒకటి నిశ్చయించుకొనక తప్పినది కాదు.

మా వీధిలో ఛాంపియన్ రీఫ్సు గనిలో ఫిట్టరుగా పనిచేసిన పెద్దాయన ఒకరున్నారు. వారికి కబురు చేసితిమి. వారు వచ్చి, బానెట్టు ఎత్తకమునుపే, "విప్పేది ఎప్పుడైనా విప్పొచ్చు అయివారూ, ముందు ఆ సద్దు ఎట్లుందో చెప్పండి" అనిరి.

ఇక్కడనే చిక్కు వచ్చినది. డ్రైవరు "టకటక" అనెను. కార్యదర్శిగారు "గడగడ" అనిరి. మనలో అనేకులము "ఏదో సౌండు వస్తున్నది" అని ఊరకుందుము. మన భాషలో చప్పుళ్లకున్నన్ని మాటలు వేరొకదానికి కలవో లేవో! వాల్వుల యెడము పెరిగినచో సన్నగా టిక్కుటిక్కు మనును. చల్లని ఇంజనులో అరిగిన పిస్టను డబడబ కొట్టి, వేడెక్కినకొలది తగ్గును. గ్రీసు ఎండిన బేరింగు గరగరలాడును. వదులైన బెల్టు కీచుమనును. కనెక్టింగు రాడ్డుదైనచో సుత్తితో కొట్టినట్లు ఠక్కుఠక్కున గట్టిగా వినబడి, బరువు పడినప్పుడు హెచ్చును. పేరు సరిగా పెట్టగలిగినచో వెదకులాట సగము ముగిసినట్లే. తుదకు అందరమును "కటకట" అను మాటయందు ఏకీభవించితిమి.

పెద్దాయన రెండవ ప్రశ్న, అది ఎప్పుడెప్పుడు వినబడుచున్నదని. చిత్తూరునుండి వచ్చునప్పుడు మొగిలి కనుమ ఎక్కుచుండగా చప్పుడు పెరుగలేదు. పలమనేరు బజారులో కారు నిలిచి ఇంజను మెల్లగా తిరుగుచుండగా మాత్రము స్పష్టముగా వినబడినది. ఈ సంగతి డ్రైవరు చెప్పగానే వారు తల యూపిరి. రాడ్డు బేరింగైనచో పుస్తకముల బరువుతో కనుమ ఎక్కునప్పుడు మొత్తుకొనవలసినది గదా!

గనిలో పనివారు పైకప్పు రాతిని ఇనుప కడ్డీతో తట్టి వినుట మీ ఇండ్లలోని పెద్దలకు తెలిసినదే. గట్టి రాయి ఖంగున మ్రోగును, సందు విడిన రాయి డొల్లగా పలుకును. మన గనులు 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినవి. అంత లోతున రాళ్లు ఒత్తిడికి ఉన్నట్టుండి ప్రేలుచుండెడివి. అట్టి ప్రేలుడు ఎక్కడ జరిగినదో తెలిసికొనుటకు జియోఫోనులను పలుచోట్ల అమర్చి, అదరు ఒక్కొక్క చోటికి చేరిన కాలభేదమును బట్టి స్థానమును లెక్కకట్టుచుండిరి. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి గాని ఆ చెవులు మన పేటలలో ఇంకను కొన్ని మిగిలియున్నవి.

పెద్దాయన పరీక్ష ఇట్లు సాగినది. ఇంజను తిరుగుచుండగా, రబ్బరు పిడి గల పటకారుతో నాలుగు ప్లగ్గుల తీగెలను ఒక్కొక్కటిగా తీసి మరల తగిల్చిరి. రాడ్డుదో పిస్టనుదో దోషమైనచో, ఆ సిలిండరునకు మంట అందనప్పుడు చప్పుడు మారవలెను. నాలుగింటిలో దేనికిని మారలేదు. పిదప ఇంజను ఆపి, ఫ్యాను బెల్టు తీసివేసి, మరల నడిపిరి. చప్పుడు మాయమైనది! అర నిమిషము గడవకమునుపే ఆపించిరి. బెల్టు లేనిచో నీటి పంపు తిరుగక ఇంజను కాగిపోవును.

ఇక మిగిలినవి ఫ్యాను, నీటి పంపు, డైనమో. బెల్టు తగిలించి, ఒక కఱ్ఱ కొనను పంపుపై నానించి, రెండవ కొనను చెవికి చేర్చుకొని వినిరి. తరువాత డైనమోపై నానించి వినిరి. పారిస్ వైద్యుడు లాయెన్నెక్ 1816లో కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండె విన్న ఉపాయమునకు ఇది సోదరమే. డైనమో దగ్గర కఱ్ఱ చెవిని పొడిచినట్లు మ్రోగినదట. ఇంజను ఆపి డైనమో పుల్లీని చేతితో పట్టుకొని ఇటునటు కదపగా అది ఇరుసుపై ఊగుచుండెను. నట్టు వదులై, పుల్లీని ఇరుసునకు పట్టియుంచు అర్ధచంద్రాకారపు కీ అరిగిపోయినది. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు ఒక్కొక్క మంటకు బెల్టు కుదుపు తినును. ఆ కుదుపునకు పుల్లీ ముందు వెనుకలకు కొట్టుకొనుచుండెను. వేగము హెచ్చగా లాగుడు ఒక తీరున సాగి చప్పుడు అణగుచుండెను. కొత్త కీ వేసి నట్టు బిగించినంతట పని ముగిసినది. కీ వెల చెప్పిన మీరు నవ్వుదురు.

దీనిని విని ఎవరును చప్పుడును నిర్లక్ష్యము చేయరాదని మనవి. నూనె దీపము వెలిగియుండగా లోతైన దెబ్బ వినబడినచో ఇంజను ఆపి బండిని లాగించుకొని పోవలెను. తిరుగుచున్న ఫ్యాను దగ్గర పంచె చెరగులును, పైట కొంగులును, పిల్లల చేతులును ఉండరాదు. పెద్దాయన సయితము తమ కండువా తీసి మా చేతికిచ్చిన తరువాతనే వంగిరి.

అరిగిన ఆ కీని ఎనిమిదవ తరగతి విజ్ఞానశాస్త్రపు బీరువాలో ఉంచితిమి. చూడగోరినవారు సభానంతరమున ఆ గదికి రావచ్చును.