చేతికి తగిలింది తెలుస్తోందా?



నిజామాబాద్ వైపు ఊళ్ళల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఎక్కువ. అలాంటి ఒక అక్క అనుకోండి. ఆమెకు కుష్టువ్యాధి అని తేలింది. మందులు మొదలుపెట్టి మూడు నెలలయింది. ఒకరోజు అందరూ టీ తాగుతున్నారు. పక్కామె "అబ్బ, కాలుతోంది" అని కొంగుతో పట్టుకుంది గ్లాసు. ఈ అక్క మాత్రం ఎడమ చేత్తో ఉత్తగానే పట్టుకుని కూర్చుంది. చిటికెన వేలు వైపు ఆమెకు వేడే తెలీలేదు. నొప్పి లేదు కదా అని ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

నొప్పి లేకపోవడమే ఇక్కడ పెద్ద తంటా. కుష్టు క్రిమి చర్మంలోనే కాదు, నరాల్లో కూడా చేరుతుంది. మందు క్రిమిని చంపుతుంది. అయినా ఒంట్లో వాపు పుట్టి నరం దెబ్బతినొచ్చు. మందు మింగుతుండగానే ఇలా జరగొచ్చు, ఆపేశాక కూడా జరగొచ్చు. మందు వల్లే చెడిందని మానెయ్యకూడదు.

అందుకే ఆరోగ్య కార్యకర్త కళ్ళు, చేతులు, కాళ్ళు పరీక్ష చేస్తాడు. దానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. ఒక బాల్ పెన్ను చాలు. పెన్ను మొనతో అరచేతి మీద, అరికాలు మీద మెల్లగా ఆనిస్తాడు. గుచ్చడు. ముందు కళ్ళు తెరిచి ఉండగా చూపిస్తాడు. తర్వాత కళ్ళు మూసుకోమంటాడు.

"అక్కా, ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించు."

ఈ అక్క వేలు పెట్టలేదు. "తెలుస్తున్నది తమ్మీ, తెలుస్తున్నది" అంటూ పోయింది. పెన్ను ఆనించనప్పుడు కూడా తెలుస్తున్నదనే అంది. రోగం ముదిరిందని రాస్తారని ఆమె భయం. ఈ భయం చాలామందికి ఉంటుంది. కాని ఇక్కడ అబద్ధం చెబితే నష్టం తన చేతికే. కార్యకర్త ఆమెను కసరలేదు. మళ్ళీ మొదట్నుంచీ చేశాడు.

తర్వాత బలం చూస్తారు. బొటనవేలు పైకెత్తమంటారు. చిటికెన వేలు పక్కకు చాపమంటారు. పాదం పైకెత్తమంటారు. కళ్ళు గట్టిగా మూయమంటారు. 6 మీటర్ల దూరంలో వేళ్ళు చూపించి లెక్కపెట్టమంటారు.

అప్పుడు కార్డు మీద అంకె వేస్తారు. చేతికైనా కాలికైనా లెక్క ఒకటే. స్పర్శ బాగుండి, కంటికి కనిపించే లోపం లేకపోతే 0. స్పర్శ పోయింది కాని పైకి ఏమీ కనిపించట్లేదంటే 1. వేళ్ళు కొంకర్లు పోయినా, పుండు పడినా, పాదం వేలాడినా 2. కన్ను మూతపడకపోయినా, 6 మీటర్ల దూరంలో వేళ్ళు లెక్కపెట్టలేకపోయినా కంటికి 2. రెండు కళ్ళు, రెండు చేతులు, రెండు కాళ్ళు, మొత్తం ఆరు అంకెలు. అన్నీ కలిపితే ఎక్కువలో ఎక్కువ 12.

అంకె అంతా చెప్పదు. చిటికెన వేలికి బలం తగ్గితే దుకాణం నడిపే మనిషికి పని ఆగకపోవచ్చు. బీడీ చుట్టే మనిషికి ఆకు మడవాలి, దారం కట్టాలి, కూలి అంతా వేళ్ళల్లోనే. ఒంట్లో లోపం వేరు, దానివల్ల ఆగే పని వేరు. అందుకే సల్సా అనే 20 ప్రశ్నల పట్టిక కూడా ఉంది. చిల్లర నాణేలు ఏరగలరా, వేడి గిన్నె పట్టుకోగలరా, ఇలా అడుగుతారు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. కుష్టు నయమై వైకల్యం మిగిలినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ సర్టిఫికెట్టుకు డాక్టర్లు శాతం లెక్కకడతారు. కార్డు మీది అంకె, ఆ శాతం ఒకటి కావు.

ఆ అక్క ఈమధ్యే చదవడం నేర్చుకుంది. కార్డు చేతికిచ్చాక కూడబలుక్కుని చదివింది. ఎడమ చెయ్యి, 1.

"పోయినసారి ఎంత రాసినవ్ తమ్మీ?"

అతను పేజీ తిప్పాడు. ఎడమ చెయ్యి, 0.

అంటే స్పర్శ పోయింది ఈ మూడు నెలల్లోనే. ఆరు నెలలు దాటకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే ప్రెడ్నిసొలోన్ మాత్రలతో నరం కోలుకునే వీలుంది. అవి సొంతంగా వేసుకునే మాత్రలు కావు, సొంతంగా ఆపేవీ కావు. ఇంకా ఆలస్యమైతే వేళ్ళు వంగిపోవచ్చు.

"రేపే పెద్దాసుపత్రికి పోదాం అక్కా" అన్నాడు. రేపటి బీడీ కూలి పోతుంది. ఆమె కాసేపు ఆలోచించింది. కార్డు మడిచి తునికాకు చేటలోంచి తీసి రవికలో పెట్టుకుంది. "బస్సు ఎన్నిటికి?" అని అడిగింది.